చెరో సగం గుడారం

ఆమెకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏదో ఉంది గానీ, వీధిలో అందరికీ ఆమె సూది. కొండల కింది వీధిలో ఆమె అన్నయ్యకు దుకాణం ఉంది. కొండల్లో నాలుగు రోజులు చుట్టు తిరిగి రావడానికి వచ్చేవాళ్లకు గుడారాలు, వీపు సంచులు అద్దెకిచ్చి, దారి చూపించే మనిషిని తోడు పంపుతారు. దుకాణం వెనక గదిలో మిషను ముందు కూర్చుని తెగిన పట్టీలు, చిరిగిన గుడారాలు కుట్టడం సూది పని. కుట్టు గట్టిది, నోరు అంతకంటే పదునైనది. పెళ్లి చేసుకుందామని ఒకాయన వచ్చి రెండు వారాలు ఆమెతో మాట్లాడి, మూడో వారం ఏకంగా ఊరే మారిపోయాడని చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఆ మాట ఆమె చెవిన పడితే, చెప్పినవాళ్ల సంచి ఆ నెలంతా మిషను ఎక్కేది కాదు.

వదినకూ సూదికీ మొదటి నుంచీ ఎడమొహం పెడమొహమే. నిరుడు అన్నయ్య కొండ మీద పడి తుంటి విరగ్గొట్టుకున్నాక అది పగగా మారింది. దిగుతుండగా సంచి పట్టీ తెగి, బరువు ఒక పక్కకి ఒరిగి పడ్డాడాయన. ఆ పట్టీ కుట్టింది సూది. ఆ సంచి సర్దింది వదిన. నీ కుట్టు ఊడిందని వదిన, నువ్వు మోయలేనంత కుక్కావని సూది. మధ్యలో అన్నయ్య కుర్చీలో కూర్చుని గల్లా పెట్టె వైపు చూసుకుంటూ ఉండేవాడు. ఎవరి వైపు మాట్లాడినా ఆ రోజు తిండి చల్లారిపోతుందని ఆయనకు బాగా తెలుసు.

ఈ ఏడు అటవీ ఆఫీసువాళ్లు కొత్త మెలిక పెట్టారు. దారి చూపించేవాళ్లు ఇకపై ఇద్దరుండాలి. సీజనుకు ముందు ఆ ఇద్దరూ చుట్టంతా తిరిగి, దారి ఎలా ఉందో చూసి, కలిసి గేటు దాటి రావాలి. అప్పుడే లైసెన్సు. లైసెన్సు లేకపోతే దుకాణానికి తాళమే. కూలికి మనిషిని పెట్టుకునే స్తోమత లేదు. ఇంకేముంది, వదినా ఆడపడుచులే బయల్దేరాలి.

"మీరిద్దరూ నాలుగు రోజులు కలిసి నడుస్తారా?" గేటు ఆఫీసరు అనుమానంగా అడిగాడు.

"ఎందుకు నడవం?" అంది వదిన.

గేటు దాటిన కొద్దిసేపటికే పెద్ద బండ దగ్గర దారి రెండుగా చీలుతుంది. ఏ వైపు వెళ్లినా కొండల చుట్టూ తిరిగి మళ్లీ ఆ బండ దగ్గరికే వస్తుంది. అక్కడ ఆగి సంచి సర్దుకుంటూ వదిన అంది, "పట్టీలు ఒకసారి చూసుకో. నీ కుట్లు కదా."

అంతే, సూదికి ఒళ్లు మండిపోయింది. మాటకు మాట పెరిగింది. చివరికి వదిన ఎడమ దారి పట్టింది, సూది కుడి దారి పట్టింది. గుడారం గుడ్డ సూది సంచిలో ఉంది, కర్రలు వదిన సంచిలో ఉన్నాయి. స్టవ్ ఇక్కడుంది, గ్యాసు అక్కడికి పోయింది. ఆ సంగతి సాయంత్రం వాన మొదలయ్యే దాకా ఇద్దరికీ గుర్తురాలేదు. సూది గుడారం గుడ్డను దుప్పటిలా చుట్టుకుని, పొడి నూడుల్స్ కరకరా నములుతూ, అవతలి కొండ మీద వదిన కర్రలు పట్టుకుని తడుస్తూ ఉంటుందని తలుచుకుని సంతోషపడింది. ఆ పూటకు అదే కడుపు నింపింది.

అంతకు ముందు మధ్యాహ్నం ఒక సంగతి జరిగింది. వాగు మీద దుంగల వంతెన సగం దాటేసరికి కాలి కింద దుంగ పటుక్కుమంది. ఒక్క గెంతులో అవతలి గట్టున పడి వెనక్కి చూస్తే, దుంగ లోపలంతా పుచ్చిపోయి ఉంది. దారి చూడటానికి వెళ్లినవాళ్లు అలాంటి చోట ఎర్ర గుడ్డపీలిక కట్టాలి. అది వాళ్ల పనిలో పాత పద్ధతి. పీలికల కట్ట సూది సంచిలోనే ఉంది. తనే కత్తిరించిన పీలికలు. కానీ అడుగున ఉన్నాయి, సంచంతా విప్పాలి. ఈలోగా రెండు దారులూ కలిసే శిఖరం దగ్గరికి వదిన ముందు చేరితే? తర్వాత చూద్దాంలే అనుకుని నడిచింది.

మర్నాడు సాయంత్రం చుట్టుకు సరిగ్గా అవతల, శిఖరం మీద ఇద్దరూ ఎదురుపడ్డారు. వదిన పెదాలు నీలంగా ఉన్నాయి. బయల్దేరేటప్పుడు నడుము దాకా వేలాడిన పసుపు స్కార్ఫు ఇప్పుడు మెడలో బాగా పొట్టిదైంది. ముళ్లకు తగులుకుని చిరిగి ఉంటుంది, మంచి పని అయింది అనుకుంది సూది. ముళ్లకు చిరిగిన అంచు అంత తిన్నగా ఉండదని, రోజూ చిరుగులు చూసే ఆ కళ్లకు తెలియాలి. పగ ఆ కళ్లనూ కప్పేసింది.

గుడ్డా కర్రలూ కలిపి గుడారం వేసుకున్నారు, వేడిగా ఇంత తిన్నారు, ఒకరికొకరు వీపులు చూపించుకుని పడుకున్నారు. పొద్దున్నే లేచాక అసలు తంటా వచ్చింది. కలిసి నడవాలంటే ఎవరో ఒకరు వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. తిరిగితే ఓడినట్టే. ఇద్దరూ తిరగలేదు.

"ఎవరి దారిన వాళ్లే పోదాం," అంది వదిన. "ముందు చేరినవాళ్లు బండ దగ్గర ఆగాలి. గేటు మాత్రం కలిసి దాటాలి. సరేనా?"

"సరే."

వదిన సంచి భుజానికెత్తుకుని ఒక్క క్షణం ఆగింది. "నీ వైపు దారి ఎలా ఉంది?"

వంతెన సూది కళ్లముందు కదిలింది. నోటిదాకా వచ్చింది. "నడిచేవాళ్లకు బాగానే ఉంటుంది," అంది.

"ఇటువైపు వాలు దగ్గర..."

"నువ్వు చెప్పక్కర్లేదు. నాకూ కళ్లున్నాయి."

వదిన దిగిపోయింది.

ఆ మధ్యాహ్నం సూది వాలు దగ్గరికి చేరింది. దారి చక్కగా, వెడల్పుగా కనిపిస్తోంది. పైన పొద మీద మాత్రం పసుపు గుడ్డ ఒకటి ఎగురుతోంది, ఇంకాస్త ముందు ఇంకొకటి. నాకు దారి చూపించడానికి ఈమెవరు అనుకుని సూది పాత దారిలోనే అడుగేసింది. కాలి కింద నేల మెత్తగా జారింది. పక్కనున్న వేరు పట్టుకుని, చేతులు చీరుకుపోతుండగా పాకి పైకొచ్చింది. అంత దారీ ఒక్క పెళ్లగా లోయలోకి దొర్లిపోయింది. పసుపు గుడ్డ దగ్గర చతికిలబడింది. దాని అంచు చేత్తో తడిమింది. కత్తితో తిన్నగా కోసిన అంచు. పీలికలు లేక, ఆ చలిలో మెడలోది కోసి కట్టింది వదిన.

సూదికి ఏడుపు రాలేదు. సిగ్గేసింది, ఆ సిగ్గులోంచి మళ్లీ కోపమొచ్చింది, ఆ కోపం ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. లేచి పరుగులాంటి నడక మొదలుపెట్టింది.

ఆఖరి రోజు బండ దగ్గరికి చేరేసరికి అక్కడ ఎవరూ లేరు. సంచి అక్కడే పడేసి కుడి దారిలో ఎదురు వెళ్లింది. వాగుకు చాలా ఇవతల కనిపించింది వదిన. నడుము దాకా తడిసి, మోకాలు వాచిపోయి, గుడారం కర్రలన్నీ కట్టగా కట్టి వాటి మీద ఆనుకుంటూ అడుగు తర్వాత అడుగు వేస్తోంది.

"నీకు తెలుసు," అంది వదిన.

"తెలుసు."

వదిన భుజాల మీంచి సంచి దించి సూది చేతికిచ్చింది. చాలాసేపు నడిచాక, ముందుకే చూస్తూ అంది, "మీ అన్నయ్య పడింది నీ కుట్టు వల్ల కాదేమో, ఊరికే నిన్ను ఆడిపోసుకున్నానేమో అని ఈ నాలుగు రోజులూ అనుకుంటూ వచ్చాను. ఇంక అనుకోను."

గేటు మూసేలోపు ఇద్దరూ కలిసే దాటారు. ఆఫీసరు వదిన మోకాలు చూసి ఏమైందన్నాడు. సూది వదిన నోటి వైపు చూసింది. ఒక్క మాట చాలు, లైసెన్సూ పోతుంది, వీధిలో తలెత్తుకుని తిరగడమూ పోతుంది.

"కుడి దారిలో వంతెన పుచ్చింది. మార్పించండి," అంది వదిన. "మా ఆడపడుచు ముందే చెప్పింది. నేనే వినలేదు."

లైసెన్సు వచ్చింది. దుకాణం నిలబడింది. ఆ రోజు నుంచి వదిన సూదితో పోట్లాడటం మానేసింది. తిట్టదు, దెప్పదు, కుట్లలో తప్పులు వెతకదు. సూది కావాలని కయ్యానికి కాలు దువ్వినా "సరే" అని తన పని చూసుకుంటుంది. ఇంట్లో గొడవల్లేవని అన్నయ్య మురిసిపోయాడు. సూదికి మాత్రం అన్నం సహించడం మానేసింది.

సీజనులో మొదటి బృందాన్ని తీసుకుని ఇద్దరూ కొండెక్కారు. వదిన ముందు, సూది అందరి వెనక. వాలు దగ్గర వదిన ఆగి, ముందుగా వెళ్లి చూసి వచ్చింది. సూది ఆమె దగ్గరికెళ్లి చాలా మెల్లగా అడిగింది, "ముందు దారి ఎలా ఉంది వదినా?"

వదిన ఆమె మొహంలోకి చూసింది.

"నడిచేవాళ్లకు బాగానే ఉంటుంది," అని ముందుకు సాగింది.

బృందమంతా ఆమె వెనక కబుర్లు చెప్పుకుంటూ దాటిపోయింది. సూది ఒక్కతే కర్రతో నేలను పొడిచి చూసుకుంటూ, ఒక్కో అడుగే వేస్తూ వెళ్లింది.