కోట కింద కోట: సంగారెడ్డి దారిలో ఒక రోజు

మా నాన్న తెనాలి నుంచి వచ్చి ఫిల్మ్‌నగర్‌లో సినిమా సెట్లకు ప్లాస్టర్ స్తంభాలు పోతపోసేవారు. కోత మిషన్‌లో కుడిచేతి మధ్యవేలు సగం పోయినా పని మానలేదు. షూటింగ్ అయ్యాక సెట్ పగలగొట్టేస్తారు కదా, ఆయన పోయాక ఆయన చేతి పని ఒక్క ముక్కా ఇంట్లో మిగల్లేదు.

మొన్న ఆయన పాత మేస్త్రి ఫోన్ చేశారు. "అమ్మా, సంగారెడ్డి అవతల మనం కోట సెట్ వేసిన పొలంలో ఇళ్ళు కడతారట. ముందు కింద పాతకాలపు వస్తువులేమైనా ఉన్నాయేమోనని గోతులు తవ్వుతుంటే, అప్పుడు పగలగొట్టి పూడ్చేసిన మన స్తంభాలు బయటపడ్డాయట. రేపు సాయంత్రం పూడ్చేస్తారు. వెళ్ళి చూడు."

తెల్లారి ఏడింటికి బోరబండలో లోకల్ రైలెక్కాను. లింగంపల్లిలో ఇడ్లీ తిని సంగారెడ్డి బస్సు పట్టుకున్నాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్ ఉచితం, మరిచిపోకండి. పక్కసీటులో పూలబుట్టతో ఉన్నావిడ ఎక్కడికని అడిగింది.

"గుంతలు తవ్వుతున్న చోటికండీ. మా నాన్న చేసిన స్తంభం దొరికిందట."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "మీ నాయిన గంత పాతోడా?"

నవ్వాపుకోలేక అసలు సంగతి చెప్పాను. దిగేటప్పుడు మూర మల్లెలు చేతిలో పెట్టింది.

సంగారెడ్డి నుంచి షేర్ ఆటో. పదిన్నరకు పొలం చేరాను. తవ్వకాలు చూసుకుంటున్న పురావస్తు శాఖ ఆవిడ పద్మజగారు గోతిలోకి దించి చూపించారు. అడుగున నల్లటి కుండపెంకులు, వాటిపైన మట్టి, ఆపైన మా నాన్నవాళ్ళ కోట. ఆమె గీసిన మట్టిపొరల బొమ్మలో ప్లాస్టర్ పొర కూడా ఉంది.

"ఇది కొత్తదే కదండీ, గీయడమెందుకు?" అన్నాను.

"ఎవరో చేశారు కదా. వదిలేస్తే ఎలాగండీ?"

ఆమెకు దండం పెట్టాలనిపించింది.

గట్టున పోసిన ముక్కలన్నీ తిరగేశాను. వెనకవైపు ప్లాస్టర్ విరక్కుండా అదిమే కొబ్బరిపీచు తప్ప ఆయన గుర్తేమీ లేదు. తవ్వే ఆడవాళ్ళు జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు పెట్టారు. నాలుగింటికి పూడ్చే బండి వచ్చేసింది. అప్పుడు ఒకామె కేకేసింది.

"అక్కా, ఇగ జూడు, దీని ఎన్కల చెయ్యి అచ్చున్నది!"

పీచుని అదిమిన నాలుగు వేళ్ళు. మధ్యవేలు సగమే. అక్కడే కూలబడి ఏడ్చేశాను.

"ఫోటో తీశాం, గీశాం. ఇది మీదే, తీసుకెళ్ళండి," అన్నారు పద్మజగారు.

ఆ గోతులు ఇప్పుడు లేవు, వెతుక్కుంటూ వెళ్ళకండి. కానీ ఆ దారిలో నాకు కనబడ్డవాళ్ళందరూ మంచివాళ్ళే. తిరుగు రైల్లో ముక్కని ఒళ్ళో పెట్టుకుని అచ్చులో నా వేళ్ళుంచాను. మధ్యవేలు మాత్రం పట్టలేదు. ముందువైపు చక్కటి పూలతీగ ఉంది, కెమెరా కోసం చేసినది. ఇంట్లో ఆ పూలవైపుని గోడకేసి తిప్పి పెట్టాను.