ఎంగిలి విస్తర్ల తూకం

మొన్న భూపాలపల్లిలో ఒక పెళ్లికి వెళ్లి, భోజనం కాగానే అలవాటు కొద్దీ టెంటు వెనక్కి నడిచాను. పారేసిన విస్తర్ల కుప్ప ముందు నిలబడి, నాలుగింట ఒక విస్తరిలో అన్నం ముట్టకుండానే ఉందని లెక్క వేస్తుంటే మా ఆవిడ వెనకనుంచి వచ్చి పట్టుకుంది. "మల్ల మొదలువెట్టినవా? అవుతల మా అన్నోళ్లు జూస్తున్నరు. పెట్టింది సాలలేదనుకుంటరు!" అంది. ఈ అలవాటు నాకు పుట్టుకతో వచ్చింది కాదు, మా తెల్ల బావ నుంచి అంటింది. విచిత్రమేమిటంటే, ఆయన మీద నాకు అనుమానం మొదలైంది కూడా ఇలాంటి కుప్ప దగ్గరే.

ఆయన ఫ్రాన్సులో ఏదో చిన్న ఊళ్లో పుట్టాడు. వాళ్లమ్మ బడిపిల్లలకు వండిపెట్టేదట. ఆయనా గరిటె పట్టుకుని హోటళ్లలో, ఓడల మీద వండుతూ, చివరికి హైదరాబాదులో ఒక హోటలు వంటవాళ్లకు పని నేర్పడానికి వచ్చాడు. నూనె పడి చేయి కాలి దవాఖానకు పోతే కట్టు కట్టిన నర్సు మా పెదబాపు బిడ్డ, నాకు అక్క. కట్టు విప్పేలోగా పెళ్లి మాట అనుకున్నారని మా ఇంట్లో చెప్పుకునేవారు. తర్వాత ఇద్దరూ జనగామ వచ్చారు. ఒక పాత ధాన్యం గోదాము అద్దెకు తీసుకుని ఆయన క్యాటరింగ్ కంపెనీ పెట్టాడు. కంపెనీ అంటే రెండు పెద్ద పొయ్యిలు, నలుగురు వంటక్కలు, నేను. నా చదువు ఏడో తరగతితో ఆగింది. మార్కెట్టు యార్డులో కాంటా దగ్గర నిలబడి నిలబడి లెక్క నేర్చుకున్నాను. ఎంతమంది వస్తారు, ఎంత బియ్యం పోయాలి, ఎంత మాంసం తేవాలి అన్నది చెప్పడమే నా పని.

అది చిన్న పని కాదు. మా దగ్గర పిలుపుల్లో రకాలున్నాయి. ఇంటికొకరు రమ్మని పిలిస్తే ముగ్గురొస్తారు. ఆ పూట పొయ్యి ముట్టించొద్దని పిలిస్తే ఇంటిల్లిపాదీ, వాళ్లింటికి ఆ పొద్దున దిగిన చుట్టాలతో సహా వస్తారు. వందమందికి పన్నెండు కిలోల బియ్యం సరిపోతుందని నాకు తెలుసు. అయినా పదిహేను చెప్పేవాణ్ని. ఆ మూడు కిలోల సంగతి ఎవరికీ చెప్పలేదు.

మహబూబాబాద్‌లో ఒక పెళ్లికి వండినప్పుడు, బంతులన్నీ లేచాక బావ కొక్కెం కాంటా ఒకటి చెట్టుకు తగిలించాడు. విస్తర్లలో మిగిలిన అన్నం బకెట్లకెత్తి తూచి, చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. పెళ్లికొడుకు మేనమామ నన్ను పక్కకు లాగాడు. "ఏందన్నా, మేం తిన్నదాన్ని మీ బావ జోకుతుండు?" "వాళ్ల దేశంల గట్లనే" అన్నాను. అబద్ధమే. నాకేం తెలుసు?

తర్వాత గురువారాలు మొదలయ్యాయి. ప్రతి గురువారం పొద్దున ఐదింటికి, ఆఫీసుల మధ్యాహ్న భోజనాలకు వండిన దాంట్లోంచి మూడు స్టీలు డబ్బాలు నింపుకుని బస్సెక్కేవాడు. సాయంత్రం డబ్బాలు ఖాళీగా తిరిగొచ్చేవి. ఎక్కడికని అడిగితే భూపాలపల్లి అనేవాడు. ఎందుకని అడిగితే "పని ఉన్నది బామ్మర్దీ." అక్కను అడిగితే ఆమెకూ తెలియదు. ఆ డబ్బాల్లో ముందురోజు మిగిలింది కలుపుతున్నాడేమో, అక్కడెవరికో తాజాదని అంటగడుతున్నాడేమో అని నాకు నిద్ర పట్టేది కాదు. నర్సింహులపేట దాకా జనం ఆయన చేతి అన్నం తింటున్నది నా మాట మీద. రేపు ఎవరి బిడ్డకైనా కడుపు చెడితే ఫ్రాన్సుకు పోయి అడగరు, నా గడప ముందుకే వస్తారు. పదకొండు గురువారాలు, ముప్పైమూడు డబ్బాలు లెక్కపెట్టాను. పన్నెండో గురువారం నెత్తిన రుమాలు చుట్టుకుని అదే బస్సులో వెనక సీట్లో కూర్చున్నాను. తెల్లవాణ్ని వెంబడించడం సులువు, ఎక్కడున్నా కనబడతాడు.

భూపాలపల్లిలో గని కార్మికుల క్వార్టర్లలో ఒక ఇంట్లోకి వెళ్లాడు. ఒంటిగంట దాకా ఏమీ జరగలేదు. నేను ఎండలో కిటికీ పక్కన నిలబడ్డాను. సరిగ్గా ఒంటిగంటకు డబ్బాలు తెరిచాడు. ఆయనా, గనిలోంచి రిటైరైన ఒక ముసలాయనా ఎదురెదురుగా కూర్చుని తినసాగారు. ముసలాయన ఒక ముద్ద నమిలి తల అడ్డంగా ఊపాడు. "పొద్దుగాల కట్టిన డబ్బ పగటీలి ఇప్పితే అన్నం నవ్వాలె కొడుకా. గిది ఏడుస్తున్నది. కూర గూడ నీరు ఇడిసింది." బావ రాసుకున్నాడు. తల ఎత్తకుండానే అన్నాడు: "బామ్మర్దీ, ఎండల ఎందుకు? లోపటికి రా. బస్సు పరకాలల ఆగినప్పుడే నీ రుమాలు జూసిన."

గనిలో దిగేవాళ్లకు డబ్బా భోజనం కట్టాలని ఆయన ఆలోచన. ఎనిమిది గంటలు నిలిచే వంట ఏదో తన కడుపు మీదే చూసుకుంటున్నాడు. "నాకు చెప్తే ఏం పోయె?" అన్నాను. "చెప్తే గురువారం వంట మంచిగ వండిపిస్తవ్. గప్పుడు నాకేం తెలుస్తది?" అని పుస్తకం నా ముందుకు తోశాడు. ఫ్రెంచి నాకు రాదు కానీ అంకెలు అర్థమయ్యాయి. ప్రతి పెళ్లికీ నేను చెప్పిన బియ్యం ఒకవైపు, విస్తర్లలో మిగిలిన అన్నం ఒకవైపు. ఎక్కడ చూసినా వందమందికి ఎనిమిది కిలోల అన్నం, అంటే మూడు కిలోల బియ్యం. "గిది నీ భయం, బామ్మర్దీ. వందకు మూడు కిలోలు." ముందే ఎందుకు చెప్పలేదంటే, "చెప్తే నాలుగు కలుపుతవని" అన్నాడు. ముసలాయన పొలమారేలా నవ్వాడు.

పోయిన వానాకాలం బావ చనిపోయాడు. ఆయన పేరున పెట్టే భోజనానికి అక్క నన్నే లెక్క చెప్పమంది. మూడువందల మందికి ముప్పై ఆరు కిలోలు చెప్పాను. జీవితంలో మొదటిసారి పైన గింజ కలపలేదు, ఆయన మీద గౌరవంతో. బంతి సగంలో ఉండగా భూపాలపల్లి నుంచి, రోజూ మా డబ్బాలు తినే గనివాళ్లతో రెండు వ్యాన్లు వచ్చాయి. అన్నం గుండిగ అప్పటికే అడుగంటుతోంది. నా ముఖం చూసి దిగినవాళ్లలో ఒకాయన భుజం తట్టాడు. "పరేషాన్ గాకన్నా. మీ బావ డబ్బలే తెచ్చుకున్నం." పొద్దున ఐదింటికి మా గోదాములో కట్టినవే. అందరూ మూతలు తీసి, ఇంకా తినని మావాళ్లకూ తలా ఇంత పెట్టారు. అన్నం పొడిపొడిగా నవ్వుతోంది. ఆ రోజు కొక్కెం కాంటాకు తగిలించడానికి నాకేమీ మిగల్లేదు.

మొన్నటి కుప్పను కంటితోనే తూచాను. వందకు నాలుగు కిలోల బియ్యానికి తక్కువ లేదు. ఏళ్లు గడిచేకొద్దీ మనుషులకు ఈ భయం తగ్గుతుందనుకున్నాను.