కొండనాలుక కాదన్న ఆమె

ఆ రోజు ఇంట్లో నా మాట ఎవరూ వినలేదు, ఇప్పటికీ వినడం లేదు. నా ఐదేళ్ల కూతురు జ్వరంతో గుటక మింగలేక ఏడుస్తుంటే, కొండనాలుక జారిందని మా అక్క పాప నడినెత్తి జుట్టు పట్టి పైకి గుంజింది. దగ్గు లేదు, జలుబు లేదు, ఇది వేరే ఏదో అని నేనంటే, "నువ్వెప్పుడు డాక్టరువైనవ్‌రా" అని నవ్వింది.

పాపను ఎత్తుకొని, పెద్ద దవాఖానలో చూపిద్దామని నారాయణపేటలో మహబూబ్‌నగర్ బస్సెక్కాను. పక్కన కూర్చున్న ఆమె పాప దవడల కింద తడిమి, నోరు తెరిపించి, ఫోన్ వెలుగులో చూసింది.

"కొండనాలుక గాదన్నా. గొంతుల తెల్ల మచ్చలున్నయి. మా పిలగానికి గిట్లనే అయింది. దవాఖానల గొంతు తుడిచి పరీక్ష జేయమను. మందిస్తే, జరం తగ్గిందని నడుమ ఆపకు. మేం ఆపినం. ఆ రోగం పోయి వాని గుండెకు తగిలింది."

డాక్టర్ పరీక్ష చేసి, ఆమె అనుమానించినట్టే గొంతులో ఇన్ఫెక్షన్ ఉందని మందు రాశారు. జ్వరం దిగి పాప పెరుగన్నం అడిగినప్పుడు నా ప్రాణం కుదుటపడింది. "తగ్గింది గదా, ఇంకెందుకు" అని అక్క అన్నా, మందు చివరిదాకా వేశాను.

తను గుంజినందుకే తగ్గిందని అక్క ఇప్పటికీ ఊరంతా చెబుతోంది. చెప్పుకోనీ. కానీ అక్కా, రేపు నీ మనవడికి గొంతు నొస్తే ముందు దవాఖానకు తీసుకపోతవా, లేదా? ఇప్పటికైనా జవాబు చెప్పు.