నామినీగా అక్క పేరు

ఎన్నో ఏళ్లుగా ఒక మాట గొంతులో చేపముల్లులా ఇరుక్కుని ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే కథ ఇంతదాకా వచ్చేది కాదు.

మా అక్క ఇంట్లో ఎవరికీ ఇష్టం లేకుండా ఒక క్రైస్తవుల అబ్బాయిని పెళ్లి చేసుకుంది. దాని మొహం నాకు చూపించొద్దన్నాడు నాన్న ఆ రోజు. ఆ ఒక్క మాటనే నేను వేదంలా పట్టుకున్నాను. కొన్నేళ్లకు నాన్న విజయవాడలో ఆసుపత్రిలో ఉన్నప్పుడు అక్క పరుగెత్తుకొచ్చింది. ఐసీయూ తలుపు దగ్గరే ఆపేశాను. నిన్ను చూడనన్నాడని చెప్పాను. నిజానికి నాన్నను నేను అడగనేలేదు. మర్నాడు ఆయన పోయాడు.

అప్పటికి నాన్న మనసు నాకు తెలుసనే అనుకున్నాను. నేను దాచింది ఆ తర్వాతి సంగతి.

చాలా ఏళ్ల తర్వాత బీరువా సర్దుతుంటే నాన్న పాత పాస్‌బుక్ దొరికింది. గవర్నరుపేటలో బ్యాంకుకు వెళ్లాను. పదేళ్లకు పైగా ఎవరూ కదిలించని ఖాతా కాబట్టి డబ్బు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్లిపోయిందని అక్కడి ఆఫీసరమ్మ చెప్పింది. నా మొహం చూసి, పోయినట్టు కాదండీ అంది. హక్కున్నవాళ్లు ఎప్పుడొచ్చి అడిగినా ఈ బ్యాంకే ఇప్పిస్తుందట. మరణ ధ్రువపత్రం, ఆధార్ తెచ్చుకోవాలట. కాకపోతే నామినీ రావాలట. ఆ పేరు చదివి వినిపించింది.

అక్క పేరు. ముందు మా ఇంటిపేరు కాదు, బావ ఇంటిపేరు. ఇబ్రహీంపట్నంలో వాళ్లుండే వీధితో సహా. అంటే పెళ్లయ్యాక నాన్న ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వచ్చి, ఆఫీసరమ్మ చెప్పినట్టు అంతకు ముందున్న నా పేరు తీయించి, అక్క పేరు రాయించాడు.

ఆవిడను తీసుకొస్తారా అని ఆఫీసరమ్మ అడిగితే తలూపి బయటికొచ్చాను. తీసుకెళ్లలేదు. డబ్బు మీద ఆశా? అదేమంత పెద్ద మొత్తం కూడా కాదే. అసూయా? కొంత. కానీ అసలు భయం వేరు. నాన్న అక్కను ఎప్పుడో క్షమించి ఉంటే, కన్నతండ్రి కడచూపు ఆమెకు దక్కకుండా చేసింది ఎవరు? నేనే కదా.

మొన్న మంగళగిరిలో చిన్నమ్మ కూతురి పెళ్లి. భోజనాల దగ్గర అక్క వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఒరే, ఒక్క మాట అడుగుతా, నిజం చెప్పు. నాన్న ఆఖర్న నా పేరు ఎత్తాడా?"

"లేదక్కా."

"ఎప్పుడూనా?"

"లేదు."

అక్క తన ఆకులో అన్నం కలుపుకుంది. "పోన్లే. తప్పు నాదేగా. నువ్వు పెరుగు వేయించుకోరా, ఏమీ తినట్లేదు."

మొదటి 'లేదు' భయంతో అన్నాను. రెండోది? దానికి నా దగ్గర ఏ సాకూ లేదు.

ఆ డబ్బు ఇంకా అక్కడే ఉంది. ఇలాంటి ఖాతాలు వెతుక్కోవడానికి ఇప్పుడు వెబ్‌సైట్ కూడా ఉంది. కానీ తనకేమీ మిగల్చలేదని నమ్మిన మనిషి ఎందుకు వెతుకుతుంది? ఆమెకు ఫోన్ చేద్దామని తీస్తాను, పెట్టేస్తాను.

ఇది రాశాక కొంచెం ఊపిరి ఆడుతోంది. అంతకు మించి అడిగే హక్కు నాకు లేదు. నాన్న అక్కను క్షమించాడు. ఆ సంగతి ఇన్నాళ్లూ నాకొక్కడికే తెలుసు. ఇప్పుడు మీకూ తెలుసు. అక్కకే ఇంకా తెలియదు.