పక్కకు మళ్ళిన దెబ్బ

పెళ్ళి ఊరేగింపు డీజే బండి మా దేవేంద్ర నగర్ సందులోకి తిరిగితే చాలు, వంటింట్లో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి ఢీకొంటాయి. మొన్న సాయంత్రం గుమ్మంలో నిలబడి నోటికొచ్చినట్టు తిట్టాను. సంతోషం వాళ్ళకీ, దడ నా గుండెకీనా? తిడుతూ తిడుతూ ఆగిపోయాను. ప్రకాశరావు గారు గుర్తొచ్చారు.

ఈ హిందీ ఊళ్ళో మా ఫ్యాక్టరీకి ఆయన ఫోర్‌మన్. బాపట్ల వైపు క్రైస్తవ కుటుంబం. ఐదో తరగతిలో బడి మానేసి, స్టేషన్ బోర్డులు చూసి హిందీ చదవడం నేర్చుకున్న నన్ను లేత్ మిషను ముందు నిలబెట్టి మనిషిని చేసింది ఆయనే. ఆయనకున్న వ్యసనం ఒక్కటే. ఆదివారం చర్చి నుంచి తిన్నగా రైఫిల్ క్లబ్బుకు పోవడం. రిటైరయ్యాక కుడి భుజం అరిగిపోయింది. తుపాకీ వెనక్కి తన్నే దెబ్బలు ఇంకా తగిలితే చెయ్యి పైకి లేవదు, తుపాకీ మానెయ్యమన్నాడు డాక్టరు. అంతే, ఆయనకు మాట కూడా తగ్గిపోయింది.

అప్పుడెవరో మజిల్ బ్రేక్ సంగతి చెప్పారు. గొట్టం చివర బిగించే చిన్న ఉక్కు తొడుగు అది, పక్కల రంధ్రాలుంటాయి. పేలిన గాలి ఆ రంధ్రాల్లోంచి పక్కలకు పోతుంది, భుజానికి తగిలే తన్ను తగ్గుతుంది. కావలసిన అనుమతులు రాయించుకుని తెప్పించారు. బిగించే రోజు నన్ను ఇంటికి పిలిచారు.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉండేది. తుపాకీ బయటికి తీస్తే ఇంట్లో ఉన్న ప్రతివాళ్ళూ అది ఖాళీగా ఉందని తొంగి చూడాలి. ఆయన భార్య కాంతమ్మ గారు చేపలు కడుగుతున్న చేతులతోనే వచ్చారు.

"ఖాళీయే. పెళ్ళయిన కాణ్ణించీ ఖాళీయే. పులుసు మాడితే మాత్రం మీదే పూచీ!"

"సూర్యం, నువ్వూ చూడవయ్యా. నా కళ్ళు నాకు కావలసిందే చూస్తాయి."

బిగించి, ఆదివారం క్లబ్బుకు వెళ్ళాం. మొదటి గుండు పేలింది. భుజం కదల్లేదు. "తన్నలేదయ్యా సూర్యం!" ఆ ముఖం చూడాల్సిందే. మళ్ళీ కాల్చి, మెచ్చుకుంటాడేమోనని క్లబ్బు కావలివాడు బుధారూ వైపు తిరిగారు. పక్కన స్టూలు మీద కూర్చున్న బుధారూ రెండు అరచేతులతో చెవులు నొక్కుకుని ఉన్నాడు.

"క్యా హువా బుధారూ? కాన్‌మే లగా క్యా?"

చెవికి తగిలిందా అన్న ఆ మాట అతనికి వినబడలేదు. రెండోసారి అడిగితే, మీరు కాల్చుకోండి నాకేం అన్నట్టు నవ్వాడు. "అరే నహీ సాబ్, ఆప్ చలావో. హమ్‌కో క్యా!"

నాకు ఒళ్ళు మండింది. "చెవులకు మూతలివ్వని క్లబ్బుది తప్పు. మీరెందుకు ఆగాలి సార్? అతన్ని దూరంగా కూర్చోమనండి."

"కాల్చే గీత దాటి ఎవరూ పోకుండా చూడటమే అతని పని. దూరంగా ఎక్కడ కూర్చుంటాడు? మూతలు ఇచ్చిననాడు చూద్దాంలే. ఆ తన్ను ఎక్కడికీ పోలేదు సూర్యం. నా భుజం మీంచి దిగి అతని చెవిలో కూర్చుంది."

రైఫిల్ ఖాళీ చేసి, నాకూ బుధారూకీ చూపించారు. చల్లారేదాకా ఆగి, తొడుగు విప్పి నా చేతిలో పెట్టారు. మళ్ళీ ఆ తుపాకీ కాల్చలేదు. క్లబ్బు మాత్రం మానలేదు. బుధారూ పక్కనే ఇంకో స్టూలు వేసుకుని, తాను చనిపోయేదాకా వేరేవాళ్ళ గురి చూసి వెక్కిరించారు.

నా కోపం ఇంకా చల్లారలేదు. ఆ క్లబ్బు వాళ్ళు ఎదురైతే ఇప్పటికీ ముఖం తిప్పుకుంటాను. ఆ తొడుగు మా పెరట్లో ఇనుము అరగదీసే గ్రైండర్ బల్ల మీద ఉంది. పక్కింటి గోడ దగ్గర బోలెడు చోటున్నా బల్లను నా పడకగది కిటికీ కిందే వేయించాను. మా అబ్బాయి మిషను తిప్పితే ముందు చెడేది నా కునుకే.

"ఆ గోడ దగ్గరికి జరుపుదాం నాన్నా" అంటాడు వాడు.

జరపొచ్చు. జరపనివ్వను.