బాబాయికి చప్పిడి చౌమిన్

బస్తర్‌లోని కిరండూల్‌లో మా బాబాయి అన్నం మానేశాడని పిన్ని ఫోన్ చేసింది. తీరా అడిగితే మానేసింది రాత్రిపూట ఇంటి అన్నమేనట. సాయంత్రాలు బజారు బండి దగ్గర రెండేసి ప్లేట్లు చౌమిన్ లాగిస్తున్నాడు. "కూరల్లో ఉప్పు తగ్గించినా బీపీ దిగట్లేదురా. ఈసారి కూడా దిగకపోతే ఆస్పత్రిలో పడేస్తానన్నాడు డాక్టరు. నువ్వొచ్చి ఆ చైనా వంటేదో ఇంట్లో నేర్పు," అంది. నా చైనా వంట హాస్టల్ గదిలో పుట్టింది. అయినా పిలిచారు కదా అని బయల్దేరాను.

విశాఖలో ఏడు కాకముందే రైలు. కిటికీ పక్క సీటు కావాలంటే ముందే రిజర్వేషన్ చేయించుకోండి. అరకు దాకా సొరంగాలు లెక్కపెడదామనుకుని పన్నెండో దాని దగ్గర నిద్రపోయాను. జగదల్‌పూర్ చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. అక్కడ ఒకామె వెదురు కొమ్ముల గంపతో ఎక్కింది, కూర వండుకునే లేత మొలకలు. తెలుగు సరిహద్దులో కొంట పక్క మనిషి, కిరండూల్‌కి ముందొచ్చే బచేలిలో కూతురింటికి పోతోంది.

"గా మూకుడేంది తమ్మీ, ఒళ్లో పెట్టుకున్నవ్?"

"చైనా వంటకి. ఉప్పు లేకుండా వండాలి."

"ఉప్పు లేకుంటే పులుపు ఎయ్యి. అల్లం, ఎల్లిగడ్డ దండిగ దంచు. గీ మాటకు చైనా ఎందుకు?"

దిగేటప్పుడు నా సంచిలో నాలుగు వెదురు కొమ్ములు పడేసింది.

మర్నాడు మధ్యాహ్నం వంట. చేదు పోవడానికి కొమ్ములు రెండుసార్లు ఉడికించి నీళ్లు పారబోశాం. మూకుడు పొగలొచ్చేదాకా కాలాక నువ్వులనూనె, దంచిన వెల్లుల్లి, అల్లం, పచ్చిమిర్చి, తర్వాత క్యాబేజీ, కొమ్ములు, ఉప్పు వేయకుండా ఉడికించిన నూడుల్స్. సోయా సాస్ అంటే నల్లరంగు వేసుకున్న ఉప్పే. అందుకని ముగ్గురికీ కలిపి ఒక్క చెంచా, అదీ పొయ్యి ఆర్పాక పైన చల్లాను. అలా అయితే నాలుకకు ముందు అదే తగులుతుంది. చివర్న మిరియాలు, నిమ్మరసం.

బాబాయి మొదటి ముద్ద నమిలాడు. నేను గుమ్మం ఎటుందో చూసుకున్నాను.

"బండివాడికంటే బానే ఉందిరా," అని, "ఏమేవ్, అదిలా తే," అన్నాడు.

పిన్ని ఆవకాయ జాడీ తెచ్చి పక్కన పెట్టింది.

"ఇదేంటి పిన్నీ?"

"నాలుగు నెలలుగా చప్పిడి కూరలు తింటున్నాడు పాపం. పక్కన ఈ కాస్తా లేకపోతే ఎలా?"

"రోజూనా?"

"పొద్దున టిఫిన్లోకీ, మధ్యాహ్నం అన్నంలోకీ."

"ఆవకాయలో ఏమేం వేస్తావ్?"

"మామిడి ముక్కలు, ఆవపిండి, కారం, నూనె..." అని ఆగిపోయింది. "అయ్యో!"

డాక్టరు కూరల సంగతి అడిగాడట. ఊరగాయల సంగతి అడగలేదట. బాబాయి జాడీకేసి చూసిన చూపు, చిన్ననాటి స్నేహితుణ్ణి పోలీసులు పట్టుకుపోతుంటే చూసినట్టుంది. ఆ పూట వేలు పెట్టలేదు. ఖాళీ చేసిన ప్లేటు మాత్రం మళ్లీ చాచాడు.

తిరుగు రైలు కూడా పొద్దున్నే. బాబాయి స్టేషన్‌కొచ్చి గుడ్డతో వాసెన కట్టిన జాడీ నా చేతిలో పెట్టాడు.

"పట్టుకుపో. ఇంట్లో ఉంటే నా చెయ్యి నా మాట వినదు."

"బీపీ ఎప్పుడు చూపించుకుంటావ్ బాబాయ్?"

"సోమవారం. దిగిందంటే మళ్లీ తెమ్మనను. నిజంగా."

నమ్మాను, ఎందుకంటే రైలు కదిలాక ఆయన చెయ్యూపింది నాకు కాదు, జాడీకి. బస్తర్‌లో అడవులూ లోయలూ అద్భుతమని అందరూ రాస్తారు, రాసింది నిజమే. తిరుగు ప్రయాణంలో నాకవేవీ సరిగ్గా కనపళ్లేదు. ఒళ్లో జాడీ ఒలక్కుండా పదమూడు గంటలు కూర్చున్నాను.