వేరెవరూ లేరని రాసింది నేనే

మొన్న ఓటర్ల జాబితా సరిచూసుకోవడానికి ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. గవర్నర్‌పేటలో మాది రెండో అంతస్తు. మెట్లెక్కేసరికి పాపం ఆయాసపడుతోంది. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చాను. మా వారి పేరు, నా పేరు రాసుకుని, "ఇంకెవరూ లేరు కదండీ?" అని అడుగుతూనే గీత కొట్టేయబోయింది. మామూలు ప్రశ్నే. నేను మాత్రం ఉలిక్కిపడి ఆ అమ్మాయి చెయ్యి పట్టుకున్నంత పని చేశాను. డాబా మీద గదిలో వాచ్‌మన్, అతని భార్య ఉంటారని, వాళ్ళని కూడా అడగందే వెళ్ళొద్దని బతిమాలాను. ఆ అమ్మాయి వెళ్ళాక మా వారు "నీకీ చాదస్తం ఎప్పుడు పట్టుకుంది?" అని నవ్వారు. ఎప్పుడు పట్టుకుందో నాకు బాగా గుర్తుంది. ఇన్నేళ్ళూ ఆయనకి కూడా పూర్తిగా చెప్పలేదు.

చల్లపల్లిలో బస్సు మారి, మళ్ళీ కాసేపు ప్రయాణం చేసి కాలవగట్టు మీద దిగితే మా ఊరు. కాలవకి ఇవతల నాలుగు వీధులు, అవతల చేపల వేట మీద బతికే పాలెం, మధ్యలో వంతెన. మాది తూర్పు వీధి. తొంభైలు వచ్చేసరికి ఆ నాలుగు వీధుల్లో సగం ఇళ్ళకి తాళాలు పడ్డాయి. పిల్లల ఇంటర్మీడియెట్ కోసమని ఒక్కో కుటుంబమే బెజవాడ వచ్చేసింది. ఇంటర్మీడియెట్‌లు అయిపోయినా ఒక్కరూ వెనక్కి పోలేదు. మేమూ పోలేదు. నేను ఇక్కడే ఒక బడిలో టీచరుగా కుదురుకున్నాను. తమాషా ఏమిటంటే, ఊళ్ళో ఇల్లు అమ్మేసుకున్నాకే అందరికీ ఊరి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. నెలకో ఆదివారం ఒక లాడ్జి మీటింగు హాల్లో చేరి కాఫీలు తాగుతూ ఊరిని ఉద్ధరించేవాళ్ళం. దాని కోసం పెట్టుకున్న సంఘానికి అధ్యక్షుడు మా బాబాయి, అంటే నాన్నగారి పినతండ్రి కొడుకు, కోర్టు ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. సంఘం పేరులో 'అభ్యుదయ' ఉండాలా 'అభివృద్ధి' ఉండాలా అన్న దాని మీద ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడుకోవడం మానేశారు. చివరికి బాబాయి రెండు మాటలూ పెట్టించి లెటర్‌హెడ్ కొట్టించారు. మొదటి ఏడాది వేప మొక్కలు నాటాం, మేకలు తిన్నాయి. రెండో ఏడాది బస్సు షెల్టరుకి సున్నం వేయించాం, దాని మీద ఎవరో సినిమా పోస్టర్లు అంటించారు. బాబాయి ప్రతి మీటింగులోనూ ఒకే మాటతో మొదలుపెట్టేవారు. "మన ఊళ్ళో ఇప్పుడెవరున్నారమ్మా! ఎవరూ లేరు." మేమందరం నిట్టూర్చేవాళ్ళం. అవతల పాలెం నిండా జనం ఉన్నారని, మేం దిగిన బస్సు టాపు మీదికే వాళ్ళ చేపల గంపలు ఎక్కుతున్నాయని ఎవరికీ తట్టేది కాదు.

ఆ పాలెంలోనే రొయ్యలత్త ఉండేది. మాకు చుట్టమేమీ కాదు. నా చిన్నప్పుడు పొద్దున్నే రొయ్యల గంప నెత్తిన పెట్టుకుని మా వీధికి వచ్చేది. అమ్మతో బేరం తెగేలోపు మా గుమ్మంలో కూర్చుని నా జడ విప్పి మళ్ళీ అల్లేది. "ఆ చేతులతో ముట్టుకోకే, బళ్ళో దీని పక్కన ఎవరూ కూర్చోరు" అని అమ్మ అరిచేది. "కూర్చోకపోతే బల్లంతా దీందే కదమ్మా" అనేది రొయ్యలత్త. అమ్మ తూచి తీసుకున్నాక ఇంకో దోసెడు వేసి, "ఇది నీకే, మీ అమ్మకి పెట్టమాక" అని నాతో అనేది. మా ఇంట్లో పెద్దల్ని 'మీరు' అన్నా, నన్ను మాత్రం ఎప్పుడూ 'నువ్వు' అనే అనేది. నాకు ఉద్యోగం వచ్చాక కూడా, ఊళ్ళో కనబడితే "ఒసే, నీ జడేదే?" అని పలకరించింది.

సంఘం పెట్టిన మూడో ఏడాది వేసవి సెలవుల ముందు మా ఊరి బడి హెడ్మాస్టరుగారు పని గట్టుకుని మా మీటింగుకి వచ్చారు. మా బడి ఏడో తరగతి దాకా ఉంది. పిల్లలు చాలట్లేదు కాబట్టి ఆరు, ఏడు తరగతులు ఎత్తేసి పక్కూరి బడిలో కలుపుతామని పైనుంచి కాగితం వచ్చిందట. "ఊళ్ళో ఇంటింటికీ తిరిగి బడి ఈడు పిల్లల జాబితా రాసి, పెద్దల సంతకాలతో ఇస్తే ఆపొచ్చండీ. మీ సంఘం పూనుకుంటే బరువుంటుంది" అన్నారాయన. మేం పొంగిపోయాం. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర నాతో విడిగా అన్నారు: "పాలెం మర్చిపోకండి మేడమ్, పిల్లలు ఎక్కువ అక్కడే. రొయ్యలత్త మీతో చెప్పమంది, దాని మనవరాలు అయిదు పాసైందట, ఆరు మన బళ్ళోనే చదవాలట." తప్పకుండా చూస్తామండీ అన్నాను. రొయ్యలత్త నా పేరు చెప్పి పంపినందుకు సంతోషం కూడా వేసింది.

ఒక ఆదివారం వ్యాను మాట్లాడుకుని బయల్దేరాం. పామర్రులో పెసరట్లు తినేసరికే బాగా ఆలస్యమైంది. ఊళ్ళో దిగాక బాబాయి పని పంచారు. ఎవరి వీధి వాళ్ళు రాయాలి, అప్పుడే ఏ ఇల్లూ తప్పిపోదు. చాలా తెలివైన ఏర్పాటని అందరం మెచ్చుకున్నాం. తూర్పు వీధి నేను రాశాను. తాళాల ముందు ఆగి, ఈ ఇంట్లో ఫలానా మామయ్య ఉండేవాడని చెప్పుకుని, కళ్ళు తుడుచుకుని ముందుకు కదిలేవాళ్ళం. మధ్యాహ్నానికి నాలుగు వీధులూ అయిపోయాయి. పిల్లలు పట్టుమని పదిమంది కూడా లేరు. అప్పుడు మాలో ఒకాయన "పాలెం ఎవరు రాస్తారూ?" అన్నాడు. మా సంఘంలో పాలెం వాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళని పిలవాలని ఏనాడూ ఎవరికీ తోచలేదు. అందుకని అది ఎవరి వీధీ కాలేదు. బాబాయి వాచీ చూసుకుని, "వాళ్ళ పిల్లలు వేటకి పోతారు గానీ బడికి వస్తారా ఏంటి? పదండి, చల్లపల్లిలో భోజనాలు చెప్పాం" అన్నారు.

అది నిజం కాదని అక్కడ తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నోరు విప్పలేదు. వంతెన దాకా నడిచాను. అవతలి గట్టున రొయ్యలత్త నిలబడి ఉంది. వెనకాల తాటాకు పాక నీడలో పిల్లలు బారుగా కూర్చుని ఉన్నారు. ఎండుచేపల వాసన గుప్పుమంది. నేను కొత్త వెంకటగిరి చీర కట్టుకుని ఉన్నాను, ఆకలేస్తోంది, వ్యాను హారన్ కొడుతున్నారు. రొయ్యలత్త చెయ్యెత్తి నన్ను పిలిచింది. నేనూ చెయ్యి ఊపాను. ఊపి, వెనక్కి తిరిగి వ్యానెక్కాను. ఆ హడావుడిలో పాలెం మరిచిపోయామనే అందరికీ చెబుతూ వచ్చాను. మరిచిపోలేదు. చూసి, చెయ్యి ఊపి మరీ వచ్చేశాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి జాబితా సాపు చేశాను. నా దస్తూరీ బాగుంటుందని అలాంటి పనులన్నీ నాకే వచ్చేవి. బడిలో రికార్డులు రాసి రాసి, కాగితం చివర ఒక గట్టి వాక్యం పడకపోతే నాకు వెలితిగా ఉండేది. ఎవరూ అడగకపోయినా కింద ఇలా రాశాను: 'పై జాబితాలోని వారు తప్ప ఈ గ్రామములో బడి ఈడు పిల్లలు వేరెవరూ లేరని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.' బాబాయి అది రెండుసార్లు పైకి చదివి, "ఎంత చక్కగా కుదిరిందమ్మా!" అని మురిసిపోయి సంతకం చేశారు. మర్నాడే తనే స్వయంగా విద్యాశాఖ ఆఫీసులో ఇచ్చొచ్చారు. హెడ్మాస్టరుగారికి చూపించాలన్న ఆలోచన మాకు రాలేదు.

బళ్ళు తెరిచే ముందు ఉత్తర్వు వచ్చింది. ఆరు, ఏడు ఎత్తేశారు. హెడ్మాస్టరుగారు ఫోన్ చేసి, అందులో ఉన్న మా వాక్యాన్ని నాకు చదివి వినిపించారు. గ్రామ పెద్దలే ధ్రువీకరించారు గనక ఇక విచారణ అక్కర్లేదని రాశారట. "పాలెం చూడమన్నాను కదా మేడమ్" అని మాత్రం అని, ఫోన్ పెట్టేశారు.

ఆ ఆదివారం ఒక్కదాన్నే వెళ్ళి వంతెన దాటాను. రొయ్యలత్త వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. నన్ను చూసి లేచి, చేతులు కడుక్కుని, కుక్కి మంచం వాల్చింది.

"రండి టీచరుగారూ, కూర్చోండి" అంది.

నా జడ ఏదని అడుగుతుందేమోనని అంత దారీ అనుకుంటూ వచ్చాను. ఆ 'అండీ' విని మంచం అంచున కూర్చున్నాను. గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చిచ్చి, "లేనోళ్ళ ఇంటికొచ్చారు. లేని మంచినీళ్ళేం తాగుతార్లెండి" అని నవ్వింది.

"ఆ రోజు పిల్లలందరికీ తలంటు పోసి కూర్చోబెట్టానండీ, పేర్లు రాసుకుంటారని. మీకని రొయ్యలు వండాను. మీరు చెయ్యి ఊపారు గదా, వస్తన్నారనే అనుకున్నా. పొద్దు వాలిందాకా పిల్లల్ని లేవనియ్యలా."

"తప్పయిపోయింది అత్తా" అన్నాను.

"తప్పేముందండీ. మీకు బోలెడు పనులుంటయ్యి."

మనవరాలేదని అడిగితే రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్ళిందని చెప్పింది. పక్కూరి బడి చాలా దూరం, గట్టంతా నిర్మానుష్యం, ఆడపిల్లని ఒంటరిగా ఎట్లా పంపుతామంది. అందులో నిష్ఠూరం లేదు. ఉంటే నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

తర్వాతి మీటింగులో లేచి నిలబడి జరిగింది చెప్పాను. చెయ్యి ఊపిన సంగతి మాత్రం దాచుకున్నాను. "సంతకం నాది కదమ్మా" అన్నారు బాబాయి. ఆయన గొప్పతనం అక్కడుంది. మీటింగులు లాడ్జి నుంచి మా ఊరి బడి వరండాకి మార్చారు. పాలెం నుంచి నలుగురు సంఘంలోకి వచ్చారు, వాళ్ళలో రొయ్యలత్త ఒకతె. ఆ వయసులో బాబాయి పాలెంలో ప్రతి గుమ్మం ముందూ నిలబడి పేర్లు అడిగారు, రొయ్యలత్త దారి చూపించింది, నేను రాశాను. పేజీలకు పేజీలు నిండాయి. ఈసారి కింద ఏ వాక్యమూ రాయలేదు. కానీ ఒకసారి లేరని ధ్రువీకరించినవాళ్ళు ఇప్పుడు ఉన్నారంటే ఏ ఆఫీసు నమ్ముతుంది? ఆ బల్ల మీంచి ఈ బల్ల మీదికి తిరిగి తిరిగి, రెండేళ్ళకి మా బడికి ఆరో తరగతి మళ్ళీ వచ్చింది. ఊరంతా పండగ చేసుకుంది. ఊరిని నిలబెట్టారని మాకు శాలువాలు కప్పారు. వద్దనే ధైర్యం లేక నేనూ కప్పించుకున్నాను.

ఆ శాలువాతోనే రొయ్యలత్త ఇంటికి వెళ్ళి మనవరాలిని బడికి రమ్మన్నాను. పొడుగ్గా ఎదిగింది. చేతులు వెనక్కి దాచుకుని నిలబడింది. ఒక్కసారి ముందుకు చాపమంటే, రొయ్యల ముళ్ళు గుచ్చుకుని వేళ్ళన్నీ పగిలి ఉన్నాయి. "వద్దండీ, చిన్నపిల్లల మధ్య కూర్చోడానికి సిగ్గేస్తది" అంది. సిగ్గుపడాల్సింది ఎవరో నాకు తెలుసు. రెండేళ్ళ తర్వాతైనా ఆ తరగతిని ఊరికి తిరిగి తేగలిగాం గానీ, అందులో కూర్చోవాల్సిన ఆ పిల్ల పదకొండో ఏటిని ఎవరమూ తిరిగి తేలేకపోయాం.